తిమింగలం లోపలి నుంచి చూస్తే: యేల్ విశ్వవిద్యాలయపు ఇంగల్స్ రింక్

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, న్యూ హేవెన్ నగరంలో, యేల్ విశ్వవిద్యాలయపు పాత రాతి కట్టడాలను వెనక వదిలి ప్రాస్పెక్ట్ వీధి వెంట ఉత్తరానికి నడుస్తూ పోతే, సేచెమ్ వీధి కలిసే చోట ఒడ్డుకు కొట్టుకొచ్చి సేదతీరుతున్న జలచరం లాంటి ఒక పెద్ద కట్టడం కనిపిస్తుంది. దాని అసలు పేరు డేవిడ్ ఎస్. ఇంగల్స్ రింక్ (రింక్ అంటే మంచు మీద ఆడే ఆటస్థలం). ఆ పేరుతో దాన్ని పిలిచేవాళ్ళు తక్కువ. విద్యార్థులకు, ఊరివాళ్ళకు, ప్రత్యర్థి జట్లకు కూడా అది ‘వేల్’, అంటే తిమింగలం. యేల్, వేల్ అని ప్రాస కుదరడంతో ఆ పేరు ఇంక వదలలేదు. 1958లో ప్రారంభమైన ఈ ఐస్ హాకీ రింక్ గురించి భవన నిర్మాణ కళను చర్చించేవాళ్ళు చాలానే రాశారు. అయితే ఆ రాతల్లో ఎక్కువ భాగం వీధికి అవతల నిలబడి, కప్పు వంపును చూసి రాసినవే. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: ఈ తిమింగలాన్ని వీపు చూసి మెచ్చుకోవడం తేలిక, కానీ దాని విలువ తెలియాలంటే కడుపులో కూర్చోవాలి. అదీ ఆట జరుగుతున్న రాత్రి, వరుసలన్నీ నిండి ఉన్నప్పుడు కూర్చోవాలి.

అలాగని వీపు సంగతి వదిలేయడానికి లేదు, ఎందుకంటే లోపల కలిగే అనుభవమంతా దాని నుంచే పుడుతుంది. మామూలు ఇంటికి నడికొప్పున ఒక దూలం ఉంటుంది, దాని మీద నుంచి రెండు వాలులూ దిగుతాయి. ఇక్కడ ఆ దూలం స్థానంలో దాదాపు 300 అడుగుల, అంటే 90 మీటర్లకు పైగా పొడవున్న కాంక్రీట్ కమాను ఉంది. అది ఒక చివర నేల దగ్గర మొదలై, మంచు మీదుగా పైకి లేచి, మధ్యలో సుమారు 23 మీటర్ల ఎత్తుకు చేరి, మళ్ళీ రెండో చివరకు దిగుతుంది. దిగిన చోట ఆగిపోకుండా రెండు చివరలా తల పైకెత్తి గాలిలోకి సాగుతుంది. ఆ చివరి విరుపే లేకపోతే ఇది ఒక పెద్ద గోదాము కప్పులా ఉండేది; అది ఉండబట్టే ప్రాణమున్న శరీరంలా కనిపిస్తోంది. కమాను నుంచి రెండు పక్కలకూ ఉక్కు తాళ్ళు వేలాడదీసి, వాటి రెండో కొసలను వంపు తిరిగిన ప్రహరీ లాంటి కాంక్రీట్ గోడలకు బిగించారు. ఆ తాళ్ళ మీద చెక్క పలకలు పరిచి కప్పు వేశారు. అంటే ఈ కప్పు బరువును మోసేది తాళ్ళ బిగువు. గుడారం గుడ్డను నడిమి గుంజకూ చుట్టూ మేకులకూ లాగి కట్టినప్పుడు పనిచేసే సూత్రమే ఇక్కడ కాంక్రీటులో, ఉక్కులో, చెక్కలో పనిచేస్తోంది. పక్క నుంచి గాలి బలంగా కొట్టినప్పుడు సన్నటి కమాను ఒక వైపుకు ఒరగకుండా కప్పు బయట కూడా కొన్ని తాళ్ళు కట్టారు. శ్రద్ధగా చూస్తే అవి వీధిలోంచే కనిపిస్తాయి.

దీన్ని ఊహించినవాడు ఈరో సారినెన్. ఫిన్లాండ్‌లో 1910లో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికా వచ్చి, 1934లో ఇదే యేల్ నుంచి పట్టా పుచ్చుకున్న భవన శిల్పి. సెయింట్ లూయిస్ నగరంలోని గేట్‌వే ఆర్చ్, న్యూయార్క్ విమానాశ్రయంలోని టీడబ్ల్యూఏ విమాన సంస్థ టెర్మినల్, వాషింగ్టన్ దగ్గరి డలెస్ విమానాశ్రయం ఆయన చేతి పనులే. వాటిలో ఏదీ పూర్తయ్యేవరకు ఆయన బతకలేదు. 1961లో, 51వ ఏట, శస్త్రచికిత్స తర్వాత మరణించాడు. తన గొప్ప వంపుల కట్టడాల్లో ఆయన కళ్ళారా పూర్తిగా చూసుకున్న కొద్దివాటిలో ఈ రింక్ ఒకటి అనుకుంటే, దీని ముందు నిలబడినప్పుడు మనసు కొంచెం బరువెక్కుతుంది. లెక్కలు కట్టి దీన్ని నిలబెట్టిన ఇంజనీరు ఫ్రెడ్ సెవెరుడ్, నార్వే దేశస్థుడు. ఉత్తర కరోలినాలోని రాలీ నగరంలో 1952లో తయారైన డోర్టన్ అరీనాకు తాళ్ళ కప్పు వేయించినది కూడా ఆయనే. గీసినవాడి పేరు అందరికీ తెలుసు. తాళ్ళ బిగువు లెక్క తప్పకుండా చూసినవాడి పేరు ఎక్కడో ఒక మూల చదివితే తప్ప తెలియదు. ఈ రెండో పేరు కూడా రింక్ దగ్గర మొదటి పేరంత గట్టిగా వినిపించాలని నా కోరిక.

ఇక లోపలికి వద్దాం. కమాను కొస కిందుగా ఉన్న ద్వారం గుండా లోపలికి వెళ్ళేవరకు తల మీద కాంక్రీట్ బరువే తెలుస్తుంది. నాలుగు అడుగులు వేసేసరికి ఒక్కసారిగా చెక్క రంగు కప్పు రెండు రెక్కలూ విప్పుకుని కనిపిస్తుంది. మెట్టు దిగబోయే కాలు అక్కడే ఆగుతుంది. చాలా స్టేడియాల్లో కప్పు అంటే ఇనుప కడ్డీల అల్లిక, గాలి గొట్టాలు, దీపాల వరుసలు. దాన్ని ఎవరూ చూడరు, చూడవలసిన అవసరమూ ఉండదు. ఇక్కడ కప్పే మొదట కంటికి ఆనుతుంది. పలకల వరుసలు నడిమి కమాను నుంచి పక్క గోడల దాకా ఒకే పట్టున జారుతూ వస్తాయి. కాంక్రీట్ కమాను మాత్రం ఈ గోల్ వెనక నుంచి ఆ గోల్ వెనక దాకా, మంచు పొడవునా, సరిగ్గా నడిమధ్యన వెన్నెముకలా సాగుతుంది. తిరగేసిన పడవ అడుగున నిలబడ్డట్టు ఉందని కొందరు అంటారు. మంచి పోలికే. అయితే పడవలో ప్రయాణికులు ఒకే వైపు చూస్తారు, ఇక్కడ అందరూ నడిమికి చూస్తారు.

ఈ కప్పు చేసే అసలు పని నాకు రెండోసారి వెళ్ళినప్పుడు గాని అర్థం కాలేదు. మొదటిసారి ముందు వరుసల్లో కూర్చున్నాను; ఆటగాళ్ళ ముఖాలు, మంచు చుట్టూ ఉన్న బోర్డులకు దెబ్బ తగిలిన చప్పుళ్ళు తప్ప మరేమీ గుర్తులేదు. రెండోసారి బాగా పై వరుసలో చోటు దొరికింది. అక్కడ కప్పు చాలా కిందికి దిగి ఉంటుంది. నా వెనక గోడ దగ్గర, దాదాపు భుజం మీద చెయ్యి వేసినంత దగ్గరగా మొదలై, ముందుకు పోయేకొద్దీ లేస్తూ లేస్తూ మంచు నడిమి మీద అన్నిటికంటే ఎత్తుకు చేరుతుంది. పెద్ద అరీనాల్లో దీనికి పూర్తిగా విరుద్ధం: చివరి వరుసలో కూర్చున్నవాడు ఒక పెద్ద శూన్యానికి అంచున ఉంటాడు, ఆట ఎక్కడో లోయలో జరుగుతుంటుంది. ఇక్కడ చివరి వరుసవాడికి కప్పు దగ్గరగా ఉండి, ఆట మీద ఎత్తుగా ఉంటుంది. కళ్ళు వాటంతట అవే మంచు మీదికి జారుతాయి. ఎదుటి వైపు ప్రేక్షకుల మీద కూడా అదే కప్పు అదే వంపుతో దిగి ఉండడం వల్ల వాళ్ళు మనకు అద్దంలో మనలాగే కనిపిస్తారు. బాల్కనీలు లేవు, అంతస్తులు లేవు. మూడున్నర వేల మంది ఒకే గిన్నెలో, ఒకే చూరు కింద కూర్చున్నట్టు ఉంటుంది.

ఆ గిన్నె అడుగున ఉన్నది 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు పలక. ఐస్ హాకీ ఎప్పుడూ చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. మూడు అంగుళాల అడ్డుకొలత, ఒక అంగుళం మందం, 170 గ్రాముల లోపు బరువు ఉన్న గట్టి రబ్బరు బిళ్ళను పక్ అంటారు. నేల తగిలినప్పుడు ఎగిరిపడకుండా ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. గోలీతో, అంటే గోల్ కాపలాదారుతో కలిపి వైపుకు ఆరుగురు ఆడతారు. ఇరవై నిమిషాల భాగాలు మూడు. ఒక్కో ఆటగాడు నిమిషం లోపే పరుగెత్తి అలసి బెంచీ మీదికి దూకుతాడు, వెంటనే మరొకడు గోడ దాటి మంచు మీదికి దిగుతాడు. విశ్వవిద్యాలయాల హాకీలో ముఖమంతా కప్పే జాలీ తప్పనిసరి; ముష్టియుద్ధానికి దిగినవాడిని ఆ ఆట నుంచి పంపేయడమే గాక తర్వాతి ఆటకు కూడా దూరం పెడతారు. అందుచేత వృత్తి హాకీలో కొందరు ఎదురుచూసే కొట్లాటలు ఇక్కడ దొరకవు. నాకు అది లోటుగా తోచలేదు. జారే వేగం, పక్ మార్పిడి, చివరి క్షణపు తోపులాట చూడటానికే రెండు కళ్ళూ చాలవు.

ఆట కంటే విరామం ఎక్కువ ఇష్టపడే పిల్లలు నా చుట్టూ చాలామంది కనిపించారు, వాళ్ళ తప్పేమీ లేదు. విరామంలో జాంబోనీ బండి వస్తుంది. కాలిఫోర్నియాకు చెందిన ఫ్రాంక్ జాంబోనీ 1949లో తయారుచేసిన ఆ యంత్రం పేరే ఇప్పుడు ఆ పనికి పేరైపోయింది. అది స్కేట్ల గాట్లు పడి పొడి లేచిన పైపొరను పదునైన బ్లేడుతో చెక్కి లోపలికి లాగేసుకుంటుంది, వెనక నుంచి వేడినీళ్ళు పలచగా పరుస్తూ పోతుంది. చల్లనీళ్ళకు బదులు వేడినీళ్ళు ఎందుకంటే, అవి గాట్లలోకి దిగి కింది మంచును కొద్దిగా కరిగించి దానితో ఏకమై గడ్డకడతాయి, పొర మీద పొరలా విడిగా నిలవవు. మంచు మొత్తం మందం అంగుళానికి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. దాని కింద కాంక్రీట్ పలకలో పాకే గొట్టాల్లో అతి చల్లని ద్రవం తిరుగుతూ ఉంటుంది; ఎర్ర, నీలి గీతలన్నీ మంచు లోపలే రంగు వేసి ఉంటాయి. బండి పోయిన దారి వెంట తడి మెరుస్తూ, ఆ మెరుపులో పైనున్న చెక్క కప్పు కొన్ని క్షణాలు తలకిందులుగా కనిపించి, తడి ఆరేకొద్దీ మసకబారి పోతుంది. ఈ రింక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన దృశ్యం అదే. విరామంలో తినుబండారాల కోసం లేచిపోయేవారు దాన్ని పోగొట్టుకుంటారు.

యేల్‌కు ఇలాంటి రింక్ కట్టుకునే హక్కు చరిత్ర ఇచ్చింది. మాల్కమ్ చేస్ అనే టెన్నిస్ క్రీడాకారుడు కెనడా ఆటగాళ్ళ దగ్గర ఈ ఆటను చూసి నేర్చుకుని యేల్‌కు తెచ్చాడు. 1896 ఫిబ్రవరి 1న బాల్టిమోర్‌లో యేల్, జాన్స్ హాప్‌కిన్స్ జట్లు 2–2తో సమంగా ముగించిన ఆటను అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన మొదటి ఐస్ హాకీ ఆటగా లెక్కిస్తారు. ఆ తర్వాత చాలాకాలం పాటు యేల్ జట్టుకు ప్రాంగణంలో సొంత గూడు లేదు. ఊళ్ళోని న్యూ హేవెన్ అరీనాలో ఆడుకునేది. 1950లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడైన విట్నీ గ్రిస్‌వల్డ్ కొత్త తరహా కట్టడాల మీద మక్కువ ఉన్నవాడు. ఆయన పదమూడేళ్ళ కాలంలోనే లూయీ కాన్, పాల్ రుడాల్ఫ్, గోర్డన్ బన్‌షాఫ్ట్ వంటి భవన శిల్పుల భవనాలు ప్రాంగణంలో లేచాయి. ఆ వరుసలోనే సారినెన్‌కు ఈ పని దక్కింది. రింక్‌కు పెట్టిన పేరు తండ్రీకొడుకులది: 1920 పట్టభద్రుల తరగతికి చెందిన డేవిడ్ ఇంగల్స్, 1956 తరగతికి చెందిన ఆయన కొడుకు, ఇద్దరూ యేల్ హాకీ జట్టుకు నాయకత్వం వహించినవారే. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి చెందిన ఏకైక ‘ఏస్’ పైలట్‌గా పేరు పొందాడు. ఆ బిరుదు దక్కాలంటే కనీసం అయిదు శత్రు విమానాలను కూల్చాలి.

కట్టేటప్పుడు అంతా సాఫీగా సాగలేదు. ఖర్చు సుమారు 15 లక్షల డాలర్లకు చేరింది. మొదట అనుకున్నదానికి అది దాదాపు రెట్టింపు. కట్టాక కూడా అందరూ మెచ్చుకోలేదు. యేల్‌లోనే పాఠాలు చెప్పిన ప్రసిద్ధ కళా చరిత్రకారుడు విన్సెంట్ స్కల్లీ దీన్ని గట్టిగా విమర్శించాడు. ఆకారపు ఆర్భాటం ఎక్కువైందని, చుట్టుపక్కల వీధులను పట్టించుకోకుండా తన గొప్ప తాను చాటుకుంటోందని ఆయన అభ్యంతరాల సారాంశం. నేను ఈ విమర్శను కొట్టిపారేయలేను. ప్రాస్పెక్ట్ వీధిలో ఇళ్ళ వరుస పక్కన ఈ ఆకారం ఎవరితోనూ మాట కలపకుండా కూర్చున్నట్టే ఉంటుంది. కానీ ఆ విమర్శ కూడా వీధిలో నిలబడే చేసినది. సీటులో కూర్చుని చూసినవాడికి ఆ వంపు ఆర్భాటంగా తోచదు, అవసరంగా తోస్తుంది. నడుమ ఒక్క స్తంభం కూడా లేకుండా మంచు మొత్తాన్ని కప్పాలి, అందరికీ ఆట కనిపించాలి. ఆ రెంటికీ ఈ కప్పు ఒకే సమాధానం. టోక్యోలో 1964 ఒలింపిక్స్ కోసం కెంజో తాంగే కట్టిన యోయోగి క్రీడాభవనాన్ని చూసినవారు ఈ రింక్ ప్రభావాన్ని దానిలో పోల్చుకుంటారు. ఒక విద్యాసంస్థ తన హాకీ జట్టు కోసం కట్టుకున్న కప్పు ఊహ సముద్రం దాటి ఒలింపిక్ వేదికను చేరడం చిన్న విషయం కాదు.

ఈ రింక్ హాకీకే పుట్టింది గాని, హాకీతోనే ఆగలేదు. సంగీత కచేరీలకు, సభలకు కూడా ఇది చోటిచ్చింది. వాటిలో చరిత్రకెక్కినది 1970 మే 1 రాత్రి. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు బాబీ సీల్ తదితరుల మీద న్యూ హేవెన్ కోర్టులో నడుస్తున్న హత్య కేసుకు నిరసనగా వేలమంది ఊళ్ళోకి వచ్చారు. నేషనల్ గార్డ్ సైనికులు వీధుల్లో నిలబడ్డారు. ఆనాటి యేల్ అధ్యక్షుడు కింగ్‌మన్ బ్రూస్టర్ ద్వారాలు మూసుకోవడానికి బదులు తెరిచి, వచ్చినవారికి తిండీ నీడా ఏర్పాటు చేయించాడు. ఆ రాత్రి ఇంగల్స్ రింక్‌లో సంగీత కార్యక్రమం జరిగింది. అక్కడే బాంబులు పేలాయి. అదృష్టవశాత్తు ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు, కప్పూ నిలిచింది. ఇప్పుడు ఆ వరుసల్లో కూర్చుని పక్క సీటులోని పిల్లవాడు జెండా ఊపుతుంటే చూస్తున్నప్పుడు, ఇదే చూరు కింద ఒక తరం తన భయాన్నీ కోపాన్నీ పట్టుకుని గడిపిన రాత్రి ఒకటుందన్న సంగతి గుర్తుకొస్తుంది. ఆ రాత్రిని గుర్తుచేసే ఫలకమేదైనా ద్వారం దగ్గర, అందరికీ కనబడేలా ఉంటే బాగుంటుందని నాకనిపించింది.

యాభై ఏళ్ళు గడిచేసరికి కట్టడానికి మరమ్మతులు తప్పనిసరి అయ్యాయి. 1958లో ఆలోచించని అవసరాలు కూడా పెరిగాయి. అప్పట్లో యేల్ కళాశాలలో అమ్మాయిలకు ప్రవేశమే లేదు. 1969లో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. కనుక మహిళా జట్టుకు గదులన్న ఊహే మొదటి నమూనాలో లేదు. ఈ పనిని కెవిన్ రోచ్ సంస్థకు అప్పగించడం యేల్ చేసిన తెలివైన నిర్ణయాల్లో ఒకటి. రోచ్ సారినెన్ కార్యాలయంలో పనిచేసి, ఆయన పోయాక మిగిలిపోయిన పనులను పూర్తిచేసిన మనిషి. 2010 నాటికి ముగిసిన ఆ పనిలో కొత్త గదులను, వ్యాయామశాలను భూమి కిందికి దించి, పైనున్న ఆకారాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. కొత్తగా చేర్చినది బయట నుంచి చూసేవాడికి కనిపించదు. పాత కట్టడానికి కొత్త భాగం అతికించి రెండింటినీ పాడుచేసిన ఉదాహరణలు ఎన్నో చూసిన మనకు ఈ వినయం నచ్చి తీరాలి.

ఆ గదులను వాడుకునే మహిళా జట్టు గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1970లలో మొదలైన ఈ జట్టు 2022లో మొట్టమొదటిసారి జాతీయ పోటీల చివరి నాలుగు జట్లలో నిలిచింది. అయినా ఈ రింక్‌లో ఆ జట్టు పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది మ్యాండీ ష్వార్ట్జ్. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో విల్‌కాక్స్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన ఆటగత్తె ఆమె. 2008 డిసెంబరులో రక్త క్యాన్సర్ అని తేలింది. ఎముక మజ్జ సరిపోయే దాత కోసం యేల్ క్రీడాకారులంతా కదిలి విద్యార్థుల నమూనాలు సేకరించే శిబిరాలు పెట్టారు. 2011 ఏప్రిల్ 3న, 23వ ఏట ఆమె కన్నుమూసింది. శిబిరాలు మాత్రం ఆగలేదు. ఏటా ఆమె పేరిట అవి సాగుతున్నాయి. అలా నమూనా ఇచ్చినవారిలో కొందరు ముక్కూ మొహం తెలియని రోగులకు మజ్జ దానం చేశారు. ఏటా ఒక ఆటను ఆమె జ్ఞాపకంగా ఇక్కడ ఆడతారు. ఆ రోజు ప్రేక్షకులు తెల్లదుస్తుల్లో వస్తారు. ఆమె తమ్ముడు జేడన్ వృత్తి హాకీలో 2019లో స్టాన్లీ కప్ గెలిచిన సెయింట్ లూయిస్ జట్టులో ఆడాడు; అక్క యేల్‌లో వేసుకున్న 17వ నంబరునే తానూ వేసుకున్నాడు. తెల్లటి మంచు, తెల్లటి వరుసలు, వాటి మీద తేనెరంగు చెక్క కప్పు. యేల్ ఆటల్లో ఏదైనా ఒక్కటే చూసే వీలుంటే ఆ ఆటనే ఎంచుకోమని చెప్తాను.

పురుషుల జట్టు కథలో శిఖరం 2013. యేల్‌తో కలిపి ఎనిమిది విశ్వవిద్యాలయాల కూటమి అయిన ఐవీ లీగ్ నియమాల ప్రకారం ఇక్కడ ఆటకని ఉపకార వేతనాలు ఇవ్వరు. అలాంటి జట్టు ఆ ఏడు జాతీయ పోటీల్లోకి దాదాపు చిట్టచివరి జట్లలో ఒకటిగా అడుగుపెట్టింది. మొదట మిన్నెసోటాను అదనపు సమయం మొదలైన తొమ్మిదో సెకనులోనే ఓడించింది. ఆ తర్వాత నార్త్ డకోటాను, మాసాచుసెట్స్ లోవెల్‌ను దాటి పిట్స్‌బర్గ్‌లో ఫైనల్ చేరింది. ఎదురుగా ఉన్నది ఎవరో కాదు, న్యూ హేవెన్ పొరుగునే హామ్డెన్‌లో ఉన్న క్విన్నిపియాక్. ఆ సీజన్‌లో అప్పటికే యేల్‌ను మూడుసార్లు ఓడించిన జట్టు అది. ఏప్రిల్ 13న యేల్ 4–0తో గెలిచింది. అప్పటి జట్టు శిక్షకుడు కీత్ అల్లెయిన్ ఇదే రింక్‌లో గోలీగా ఆడినవాడు. అంతకుముందు మూడు దశాబ్దాల కాలంలో ఈ జట్టును తీర్చిదిద్దిన టిమ్ టేలర్ అదే నెలలో కన్నుమూశాడు. తన రింక్‌కు కిరీటం దక్కిన వార్త మాత్రం విని వెళ్ళాడు.

సెలవు ఉదయాల్లో ఈ కప్పు కింద మరో లోకం ఉంటుంది. పిల్లల జట్లు, ఫిగర్ స్కేటింగ్ నేర్చుకునేవాళ్ళు, కాలేజీల మధ్య సరదా ఆటలు ఆడే విద్యార్థులు మంచును పంచుకుంటారు. నేను చూసిన ఒక ఉదయం, ఆరేళ్ళు ఉండవచ్చు, ఒక పాప బోర్డు అంచును రెండు చేతులా పట్టుకుని పక్కకు పక్కకు పాకుతోంది. రింక్ సగం చుట్టేసరికి ఒక చెయ్యి వదిలింది. మూల తిరిగే చోట రెండోదీ వదిలి మూడు అడుగులు జారి కూర్చుండిపోయింది. లేచి, మంచు దులుపుకుని, మళ్ళీ బోర్డు పట్టుకోకుండా పైకి చూసింది. ఖాళీ వరుసల మధ్య ఆ కప్పు అంత పెద్దదిగా నాకు ఎప్పుడూ కనిపించలేదు.

చూడబోయేవారికి కొన్ని సలహాలు. లోపల చలి ఉంటుంది, అది మంచుకు దగ్గరయ్యేకొద్దీ పాదాల నుంచి ఎక్కుతుంది. మందపాటి మేజోళ్ళు కోటు కంటే ఎక్కువ పనికొస్తాయి. హాకీ కొత్తవారు మంచును అడ్డంగా విభజించే నీలిగీత ఎదురుగా, సగం పైకి కూర్చుంటే పక్ ఎటు పోతోందో కళ్ళకు అందుతుంది. కప్పు కోసం వచ్చేవారు గోల్ వెనక పై వరుసలు ఎంచుకోవాలి; కమాను పొడవంతా ఒకే చూపులో దొరికేది అక్కడి నుంచే. హార్వర్డ్‌తో, క్విన్నిపియాక్‌తో జరిగే ఆటలకు సీట్లు త్వరగా నిండుతాయి, ముందే తీసుకోవాలి. ఆ రాత్రుల్లో యేల్ బ్యాండ్ వాయిద్యాలు ఈ చిన్న గిన్నెలో చెవులు గింగురుమనేలా మోగుతాయి. పసిపిల్లలతో వచ్చేవారు బ్యాండ్‌కు దూరంగా, ఎదుటి వైపు కూర్చోవడం మంచిది. సౌకర్యాల మాటకొస్తే, మెత్తటి కుర్చీలు, విశాలమైన నడవాలు, అంగట్ల వరుసలు కావాలనుకునేవారికి పొరుగునే కొత్త అరీనాలు ఉన్నాయి. ఇక్కడ అవన్నీ పొదుపుగానే ఉంటాయి. నాకు మాత్రం ఆ లోటు ఆట మొదలయ్యాక ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

వీలైతే చీకటి పడ్డాకే రండి, ఆట ముగిశాక అందరితో కలిసి తొందరగా బయటపడకండి. జనం పలచబడ్డాక జాంబోనీ మరోసారి మంచు మీదికి దిగుతుంది, ఈసారి చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండరు. ఆ పని ముగిశాక బయటికి వచ్చి వీధి దాటి వెనక్కి తిరిగితే, కమాను కొసన ఆలివర్ ఆండ్రూస్ చేసిన లోహపు దీపశిల్పం చీకటిలోకి తల ఎత్తుకుని ఉంటుంది.